ఇమ్యూనిటీ సిరప్ నేనెందుకు రాయను

కొవిడ్ తర్వాత మా ఓపీలో ఒక కోరిక బాగా పెరిగింది. జలుబుకు తీసుకొచ్చినా, టీకాకు తీసుకొచ్చినా, లేచి వెళ్ళబోయే ముందు తల్లో నాన్నమ్మో ఆగి అడుగుతారు: "మేడమ్, వీడికి కాస్త ఇమ్యూనిటీ పెరగడానికి ఏదైనా సిరప్ రాయండి." నేను రాయను. ఎందుకు రాయనో వివరంగా చెప్పేంత తీరిక అక్కడ ఉండదు, తలుపు బయట ఇంకో పిల్లవాడు ఏడుస్తుంటాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పిల్లల్ని ఐసీయూ దాకా తెచ్చే బ్యాక్టీరియా జబ్బులు కొన్ని ఉన్నాయి. రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి వచ్చే సెప్సిస్, మెదడు పొరలకు సోకే మెనింజైటిస్, ముదిరిన న్యుమోనియా. వీటి విషయంలో "ఇమ్యూనిటీ తక్కువ, ఎక్కువ" అనే లెక్కే పనికిరాదని నా వాదన. ఇలా వచ్చే పిల్లల్లో చాలామంది అంతకుముందు రోజు దాకా బొద్దుగా, హుషారుగా ఉన్నవాళ్ళే. వాళ్ళకు ఒంట్లో బలం తక్కువై జబ్బు రాలేదు. ఆ వయసులో, ఆ ఒక్క క్రిమిని ఎదుర్కొనే ఆయుధం ఇంకా తయారుకాలేదు, అంతే. ఇంకొందరిలో ఆయుధాలు ఉన్నాయి, కానీ అవి ఆగాల్సిన చోట ఆగలేదు.

దీన్ని మొదటిసారి స్పష్టంగా చూపించిన పరిశోధన 1933 నాటిది. అమెరికాలో ఫొథర్‌గిల్, రైట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరు వయసులవాళ్ళ రక్తం తీసుకుని, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే బ్యాక్టీరియాను అది చంపగలదా లేదా అని పరీక్షించారు. అప్పట్లో చిన్నపిల్లలకు వచ్చే మెనింజైటిస్‌కు పెద్ద కారణం ఆ క్రిమే. అప్పుడే పుట్టిన పిల్లల రక్తం దాన్ని చంపింది. పెద్దవాళ్ళ రక్తమూ చంపింది. రెండు నెలల నుంచి మూడేళ్ళ మధ్య పిల్లల రక్తం మాత్రం చంపలేకపోయింది. ఆ మెనింజైటిస్ కేసులు ఏ వయసులో ఎక్కువగా వస్తున్నాయని చూస్తే, సరిగ్గా అదే వయసులో. ఒక గీత కిందికి దిగిన చోటే ఇంకో గీత పైకి లేచింది. మెడికల్ కాలేజీలో ఈ గ్రాఫు చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

పుట్టిన బిడ్డ రక్తం ఎందుకు చంపగలిగిందంటే, అది అమ్మ ఇచ్చిన సొత్తు. ఐజీజీ అనే రకం యాంటీబాడీలు మాయ గుండా బిడ్డలోకి చేరతాయి. చివరి మూడు నెలల్లోనే ఎక్కువగా చేరతాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు సెప్సిస్‌కు అంత సులువుగా లొంగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి, ఆ సొత్తు అందేలోపే వాళ్ళు బయటికొచ్చేశారు. నెలలు నిండి పుట్టినవాళ్ళకైనా అది కరిగిపోతూ వస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ రక్తంలో ఈ యాంటీబాడీలు బాగా అడుగంటుతాయి. అమ్మది అయిపోయింది, తనది ఇంకా సరిగ్గా మొదలవలేదు.

మరి తనది సరిగ్గా మొదలవడానికి రెండేళ్ళ దాకా ఎందుకు ఆలస్యం? ఇక్కడే అసలు సంగతి ఉంది. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్, హిబ్ (పైన చెప్పిన హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాలో బి రకం), మెనింజైటిస్ తెచ్చే మెనింజోకాకస్, ఈ మూడు క్రిముల ఒంటి మీదా చక్కెర గొలుసులతో అల్లిన ఒక పూత ఉంటుంది. పూర్వం దొంగలు ఎవరి చేతికీ చిక్కకుండా ఒంటికి నూనె రాసుకుని వచ్చేవారని చెబుతారే, ఆ పూత పని అలాంటిది. తెల్లరక్తకణాలు పట్టుకోబోతే జారిపోతాయి. ఆ పూతకే అతుక్కునే యాంటీబాడీ ఉంటే తప్ప పట్టు దొరకదు. మన ఒంట్లో ప్రొటీన్లను గుర్తుపట్టి యాంటీబాడీలు చేసే పద్ధతి ఒకటి, ఇలాంటి చక్కెర గొలుసులను గుర్తుపట్టి చేసే పద్ధతి ఇంకొకటి. రెండోదానికి ప్లీహంలో (స్ప్లీన్) ఒక ప్రత్యేకమైన భాగం పనిచేయాలి. అది దాదాపు రెండేళ్ళు వస్తే గానీ పక్వానికి రాదు. బాదం పప్పులు, డ్రై ఫ్రూట్ లడ్డూలు, ఖరీదైన పొడులు ఎన్ని పెట్టినా అది ముందుగా పక్వానికి రాదు. అది తిండికి సంబంధించిన లోటు కాదు, వయసుకు సంబంధించినది.

ఇది తెలియక టీకాల విషయంలోనే ఒకసారి చుక్కెదురైంది. హిబ్ పూతను శుద్ధిచేసి టీకాగా తయారుచేశారు. 1974లో ఫిన్లాండులో దాదాపు లక్ష మంది చిన్నపిల్లల మీద దాన్ని పరీక్షించారు. ఏడాదిన్నర దాటినవాళ్ళలో బాగా పనిచేసింది. అంతకంటే చిన్నవాళ్ళలో, అంటే జబ్బు ఎక్కువగా వచ్చే వయసువాళ్ళలో, పనిచేయలేదు. ఎవరికి కావాలో వాళ్ళకే పనికిరాని టీకా. మోతాదు పెంచినంత మాత్రాన తీరే సమస్య కాదది. ఆ వయసు ఒంటికి చక్కెర గొలుసు అర్థం కాదు, దానికి అర్థమయ్యే రూపంలో చెప్పాలి.

ఆ రూపం ఏమిటో అప్పటికి చాలాకాలం ముందే, 1929లో, రాక్‌ఫెల్లర్ సంస్థలో ఏవరీ, గోబెల్ చూపించి ఉన్నారు. చక్కెర గొలుసును ఒక ప్రొటీన్‌కు అతికించి ఇస్తే జంతువుల ఒంట్లో దాని మీద యాంటీబాడీలు బాగా తయారయ్యాయి. పసిబిడ్డ ఒంటికి ప్రొటీన్‌ను గుర్తుపట్టడం బాగా వచ్చు. ప్రొటీన్ కనబడగానే టీ కణాలు అనే తెల్లరక్తకణాలు సాయానికొస్తాయి, ఆ సాయంతో చక్కెర పూత మీద కూడా యాంటీబాడీ తయారవుతుంది, జ్ఞాపకం కూడా మిగులుతుంది. ఈ కిటుకుతో అమెరికాలో రాబిన్స్, ష్నీర్సన్ ఒకవైపు, డేవిడ్ స్మిత్, పోర్టర్ ఆండర్సన్ మరోవైపు హిబ్ కాంజుగేట్ టీకాలు తయారుచేశారు. అంతకుముందు అమెరికాలో ఏటా అయిదేళ్ళలోపు పిల్లలు సుమారు 20,000 మందికి తీవ్రమైన హిబ్ జబ్బు వచ్చేది. టీకా వచ్చాక 99 శాతం పైగా తగ్గిపోయింది.

మన దేశంలో ఇదే హిబ్ టీకా, అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లో భాగంగా 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులతో మొదలై తర్వాత మిగతా రాష్ట్రాలకు వచ్చింది. న్యుమోకాకస్ మీద పనిచేసే పీసీవీ 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఇక టైఫాయిడ్ సంగతి చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. టైఫాయిడ్ క్రిమికీ విఐ అనే పూత ఉంటుంది, పాత టీకా రెండేళ్ళలోపు పిల్లలకు పనికొచ్చేది కాదు. ఆ పూతను ధనుర్వాతం టీకాలో వాడే ప్రొటీన్‌కు అతికించి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టీకాకు 2013లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఆరు నెలల బిడ్డకు కూడా వేయొచ్చు. నేపాల్‌లో పిల్లల మీద చేసిన పెద్ద పరీక్షలో దాదాపు 82 శాతం రక్షణ కనిపించిందని 2019లో ఫలితాలు వచ్చాయి. "ఇమ్యూనిటీ పెంచేది" ఏదైనా రాయమని అడిగే తల్లికి నేను చూపించగలిగేది ఇదే. ఇది ఫలానా క్రిమి మీద, ఫలానా వయసులో, కొలిచి చూపించగలిగిన రక్షణ ఇస్తుంది. సీసా మీద "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అని ఊరికే రాసుకోవడం లాంటిది కాదు.

"పోనీ, నిజంగానే ఒంటి శక్తిని పెంచే మందు ఇస్తే పోయేదేముంది?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. డాక్టర్లు కూడా అలాగే అనుకుని గట్టిగా ప్రయత్నించారు. నెలలు నిండని పిల్లల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల నిల్వ చాలా తక్కువ. పెద్ద ఇన్ఫెక్షన్ వస్తే ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది. అలాంటి బిడ్డ రిపోర్టులో తెల్లకణాలు బాగా పడిపోయి కనిపిస్తే, పెరిగి కనిపించినప్పటి కంటే నాకు ఎక్కువ భయం వేస్తుంది. ఆ కణాలను పెంచే జీఎం-సీఎస్ఎఫ్ అనే మందును ముందుజాగ్రత్తగా ఇచ్చి బ్రిటన్‌లో పరీక్షించారు. 2009లో ఫలితం వచ్చింది. కణాలు పెరిగాయి, సెప్సిస్ తగ్గలేదు. తర్వాత ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రక్తదాతల నుంచి పోగుచేసిన యాంటీబాడీలు. సెప్సిస్ వచ్చిన, లేదా వచ్చిందని అనుమానం ఉన్న 3,493 మంది నవజాత శిశువుల్లో సగం మందికి అది, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2011లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ళ వయసుకు చనిపోయిన లేదా తీవ్రమైన వైకల్యం మిగిలిన పిల్లలు అటు 39.0 శాతం, ఇటు 39.0 శాతం. దశాంశ స్థానం దాకా తేడా లేదు.

ఆ అంకె నేనెప్పుడూ మరిచిపోను, ఎందుకంటే ఆ తర్వాత కూడా సెప్సిస్ వచ్చిన పసిగుడ్డు కోసం ఆ ఇంజెక్షన్ కొని తెమ్మని చీటీ రాసిచ్చిన చోట్లు నేను చూశాను. మాకు దూరపు చుట్టమైన ఒకాయన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చాడు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమైన జబ్బులు వేరే ఉన్నాయి, వాటిలో అది ప్రాణం పోస్తుంది. ఈ జబ్బులో, ఈ వయసులో, దానివల్ల లాభం లేదని అప్పటికే తేలింది. ఆ చీటీ రాసిన వాళ్ళకు ఆ సంగతి తెలియదని నేననుకోను.

పుట్టగానే పిల్లల రోగనిరోధక వ్యవస్థ కొంత నెమ్మదిగా ఉండటం లోపమేనా అనేదీ ఆలోచించాలి. 2013లో అమెరికాలో ఎలుక పిల్లల మీద చేసిన ఒక పరిశోధన నాకు చాలా నచ్చింది. పుట్టిన కొత్తలో వాటి ఒంట్లో ఉండే ఒక రకం ఎర్రకణాల పిల్ల కణాలు రోగనిరోధక కణాలను అదిమిపెట్టి ఉంచుతాయి. వాటిని తీసేస్తే ఆ ఎలుక పిల్లలు బ్యాక్టీరియాను బాగానే ఎదిరించాయి. కానీ పేగుల్లో మామూలుగా చేరాల్సిన మంచి బ్యాక్టీరియా చేరగానే అక్కడ వాపు మొదలైంది. మనిషి బొడ్డుతాడు రక్తంలోనూ అలాంటి కణాలు ఉన్నాయని చూశారు. కోట్లాది బ్యాక్టీరియా ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చి కాపురం పెట్టే రోజుల్లో, కనబడిన ప్రతిదాని మీదా యుద్ధానికి దిగకుండా ఒళ్ళు నిగ్రహించుకుంటోంది. ఆ నిగ్రహానికి మూల్యం ఉంది, నిగ్రహం లేకపోయినా మూల్యం ఉంది.

ఎక్కువైతే ఏమవుతుందో మెనింజైటిస్ వార్డులో కనిపిస్తుంది. యాంటీబయాటిక్ పడగానే బ్యాక్టీరియా పగిలిపోతుంది, ఆ ముక్కలను చూసి ఒళ్ళు ఇంకా రెచ్చిపోతుంది, మెదడు పొరల్లో వాపు పెరుగుతుంది. క్రిమి చచ్చిపోయినా బిడ్డ చెవులు పోయే ప్రమాదం ఉంది. అందుకే హిబ్ మెనింజైటిస్‌లో మొదటి యాంటీబయాటిక్ డోసుకు కాస్త ముందు గానీ, దాంతోపాటు గానీ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే వినికిడి పోవడం తగ్గుతుందని తేలింది. డెక్సామెథసోన్ చేసే పనేమిటి? రోగనిరోధక స్పందనను తగ్గించడం. ఇమ్యూనిటీని తగ్గించి బిడ్డ చెవులను కాపాడుతున్నాం. తగ్గించడమే అన్నిచోట్లా మందు అని కాదు, ఆఫ్రికాలోని మలావీలో చేసిన పరీక్షలో ఆ లాభం కనిపించలేదు. ఏ క్రిమి, ఎంత ఆలస్యంగా వచ్చారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సెప్సిస్ నిర్వచనం కూడా ఇదే దారిలో మారింది. పిల్లల్లో సెప్సిస్ అనడానికి 2005 నుంచి వాడిన కొలతలు జ్వరం, గుండె వేగం, శ్వాస వేగం, తెల్లకణాల సంఖ్య చుట్టూ తిరిగేవి. అంటే ఒళ్ళు ఎంత గట్టిగా స్పందిస్తోందని చూసేవి. మామూలు వైరల్ జ్వరంతో గెంతులేసే పిల్లవాడు కూడా వాటికి సరిపోయేవాడు. 2024 జనవరిలో వచ్చిన ఫీనిక్స్ ప్రమాణాలు ఊపిరితిత్తులు, గుండె-రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టే తీరు, మెదడు ఎంత దెబ్బతిన్నాయో చూస్తాయి. స్పందన కంటే ఆ స్పందన చేసిన నష్టం ముఖ్యం అయింది.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళకు అన్నిటికంటే అవసరమైన సంగతి. చిన్నపిల్లల్లో పెద్ద ఇన్ఫెక్షన్ చాలాసార్లు చప్పుడు లేకుండా వస్తుంది. ఒక చలికాలం పొద్దున పన్నెండు రోజుల బాబును రెండు దుప్పట్లలో చుట్టి తెచ్చారు. నాన్నమ్మ నవ్వుతూనే చెప్పింది, "రాత్రి నుంచి అసలు ఏడవలేదండీ, బుద్ధిగా పడుకున్నాడు." పాలు ఎప్పుడు తాగాడమ్మా అని అడిగితే కోడలి వైపు చూసింది. ఆ అమ్మాయి నెమ్మదిగా, "నోట్లో పెడితే పట్టుకోవట్లేదు మేడమ్" అంది. దుప్పటి విప్పాను. పొట్ట చల్లగా ఉంది. రొమ్ము ఎముక మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రంగు తిరిగి రావడానికి అయిదు సెకన్లు పైనే పట్టింది, మామూలుగా మూడు సెకన్లలోపు రావాలి. అరికాలు గిల్లితే ముఖం ముడిచాడు గానీ ఏడుపు బయటికి రాలేదు. థర్మామీటరు 95 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. జ్వరం లేదు కాబట్టి భయం లేదనుకున్నారు వాళ్ళు. ఆ వయసులో ఒళ్ళు చల్లబడటం జ్వరమంత ప్రమాదం. జ్వరం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో స్పందన ఉండాలి. ఆ బాబు బతికాడు. పక్కింటావిడ ఆ పొద్దునే కంగారుపడి ఆటో పిలిపించబట్టి బతికాడు.

రెండు నెలలలోపు బిడ్డలో చూడాల్సిన గుర్తులు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవే: పాలు సరిగ్గా తాగకపోవడం, ఫిట్స్, నిమిషానికి 60 సార్లు లేదా అంతకంటే ఎక్కువగా ఊపిరి, ఎగశ్వాసతో డొక్కలు లోపలికి పోవడం, ఒళ్ళు కాలడం లేదా చల్లబడటం, కదిలిస్తే తప్ప కదలకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా దిష్టి తీసి, ఆముదం పట్టి, రేపు చూద్దాం అనుకునే టైమ్ లేదు. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి ఇంట్లో పెట్టుకోకండి. సీఆర్పీ (ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ఒక ప్రొటీన్) నార్మల్ అని ల్యాబ్ రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళకూ ఒక మాట. ఆ ప్రొటీన్‌ను లివర్ తయారుచేసి రక్తంలోకి వదలడానికే ఆరేడు గంటలు పడుతుంది. జబ్బు మొదలైన మొదటి గంటల్లో రిపోర్టు బాగుండటం పెద్ద భరోసా కాదు.

తొందరగా గుర్తుపడితే ఎంత తేడా వస్తుందో మన ఆదిలాబాద్‌కు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో చూపించారు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊళ్ళో ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. బిడ్డ పాలు తాగుతోందా, ఒళ్ళు చల్లబడిందా అని చూడటం, సెప్సిస్ అనిపిస్తే అక్కడే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. సెప్సిస్ వచ్చిన పిల్లల్లో మరణాలు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి పడిపోయాయని 1999లో ప్రచురించారు. ఆ పిల్లల ఇమ్యూనిటీని ఎవరూ పెంచలేదు. అదే ఊరు, అదే పేదరికం, అవే ఒళ్ళు. గంటలు కలిసొచ్చాయి, అంతే. ఇవాళ ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్ళకు వెళ్ళి బిడ్డను చూసే పద్ధతికి మూలం అక్కడే ఉంది. ఆశా వస్తే గుమ్మం దగ్గరే సంతకం పెట్టి పంపేయకండి, లోపలికి పిలిచి బిడ్డ బట్టలు విప్పి చూపించండి.

ఆసుపత్రుల వైపు తప్పు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో నవజాత శిశువుల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో సెప్సిస్‌కు కారణమైన క్రిముల్లో మొదటి స్థానం ఎసినెటోబాక్టర్‌ది, తర్వాత క్లెబ్సియెల్లా. చాలావరకు మందులకు లొంగని రకాలు. ఇలాంటివి ఎక్కువగా ఆసుపత్రి గదుల్లో, గొట్టాల్లో, చేతుల్లో కాపురముండేవి. వీటి మీద పసిబిడ్డకు వేయడానికి మన దగ్గర టీకా లేదు. చేతులు కడుక్కోవడం ఉంది, తల్లి ఛాతీకి బిడ్డను ఆనించి ఉంచే కంగారూ పద్ధతి ఉంది, ముర్రుపాలు ఉన్నాయి. బరువు తక్కువ పిల్లలకు పుట్టిన వెంటనే కంగారూ పద్ధతి మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో మన దేశమూ పాల్గొన్న పెద్ద పరీక్షలో తేలింది. ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆరు నెలల తర్వాత అదే ఇంట్లోవాళ్ళు ఇమ్యూనిటీ సిరప్ అడుగుతారు. నాకు కోపం రాదు, బాధేస్తుంది. ఆ ఇంటికి సమయానికి వెళ్ళి చెప్పినవాళ్ళు లేరు.

నిజంగా రోగనిరోధక లోపంతో పుట్టే పిల్లలు కొందరున్నారు, వాళ్ళను నేను తక్కువ చేయడం లేదు. 1952లో బ్రూటన్ అనే డాక్టరు వర్ణించిన ఎనిమిదేళ్ళ అబ్బాయికి నాలుగేళ్ళలో 19 సార్లు సెప్సిస్ వచ్చింది. పరీక్షిస్తే వాడి రక్తంలో గామా గ్లోబ్యులిన్లు, అంటే యాంటీబాడీలు, లేనే లేవు. అవి బయటి నుంచి ఇస్తే బాగున్నాడు. ఐరాక్-4 అనే జన్యులోపం ఉన్న పిల్లల సంగతి ఇంకా విచిత్రం. చిన్నతనంలో న్యుమోకాకస్ వాళ్ళ ప్రాణాల మీదికి తెస్తుంది, కానీ జ్వరం, సీఆర్పీ సరిగ్గా పెరగవు. ఆ వయసు గట్టెక్కి పెద్దయితే, యాంటీబాడీల జ్ఞాపకం పోగుపడి, ఇన్ఫెక్షన్లు చాలావరకు తగ్గిపోతాయి. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చినా, లోతైన చీముగడ్డలు మళ్ళీ మళ్ళీ వచ్చినా, ఆ ఇంట్లో అంతకుముందు పసిపిల్లలు ఇన్ఫెక్షన్లతో పోయి ఉన్నా పరీక్షలు చేయించాల్సిందే. బడికి వెళ్ళే పిల్లాడికి ఏడాదికి ఆరేడు సార్లు జలుబు చేయడం మాత్రం లోపం కాదు, టెన్షన్ పడొద్దు.

"సిరప్ వల్ల నష్టమేముంది మేడమ్, మా తృప్తి కోసం" అంటారు కొందరు. సీసాకు పెట్టే డబ్బు ఒక నష్టం. ఏదో చేశామన్న నిశ్చింత అంతకంటే పెద్ద నష్టం. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఆరో వారం, పధ్నాలుగో వారం పీసీవీ పడి, తొమ్మిదో నెల బూస్టర్ మిస్సయినవాళ్ళు తరచూ కనిపిస్తారు. పిల్లాడు బాగానే ఉన్నాడు, సిరప్ తాగిస్తున్నాం, మళ్ళీ సూదెందుకని ఆగిపోయారు. మీ ఇంట్లో తొమ్మిది నెలలు దాటిన బిడ్డ ఉంటే తల్లీబిడ్డల కార్డు తీసి ఆ గడి చూడండి. ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో సబ్ సెంటర్‌కు తీసుకెళ్ళి ఏఎన్ఎంను అడగండి. డబ్బు కట్టాల్సిన పని లేదు. ఆలస్యమైందని తిడతారేమోనని మొహమాటపడొద్దు.